డబ్బిచ్చేవారితో మన్యం రైతుల మాట: సీఈఓ ఎంపికపై మా ప్రణాళిక

అరకు, డుంబ్రిగుడ, పాడేరు, చింతపల్లి కొండల్లో కాఫీ, మిరియాలు, పసుపు పండించే రైతు కంపెనీల సభ్యులం ఈ ప్రణాళికతో ఒక్కటవుతున్నాం. 2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. 2019లో మా కాఫీకి భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు వచ్చింది. పేరు వెంట డబ్బూ కొండెక్కుతోంది. ఆ డబ్బు ఎవరి చేతుల్లో పెడుతున్నామన్నదే మా బెంగ.

రైతు ఉత్పత్తిదారుల కంపెనీకి పూర్తికాలం సీఈఓ ఉండి తీరాలని చట్టం. ఆ మనిషి సభ్యుడై ఉండకూడదనీ చట్టమే. అంటే లెక్కలూ సరుకూ బయటివాళ్లకు అప్పగించక తప్పదు. 2020లో మొదలైన పదివేల ఎఫ్‌పీఓల (రైతు ఉత్పత్తిదారుల సంఘాల) పథకం సీఈఓ జీతానికి నెలకు 25 వేల రూపాయల దాకా, మూడేళ్లపాటు ఇస్తుంది. మైదానంలో ఇంకో ఉద్యోగం దొరగ్గానే దిగిపోయేవాడు కొనుగోలుదారుల ఫోన్ నంబర్లు కూడా పట్టుకుపోతాడు.

తప్పంతా అతనిదే అనం. డబ్బిచ్చేవారు తొందరపెడితే బోర్డు దొరికినవాణ్ణి పెట్టుకుంటుంది.

అందుకే నాబార్డ్‌నూ, బ్యాంకులనూ, మాకు అప్పిచ్చే ప్రతి సంస్థనూ అడుగుతున్నాం. మీరు ఎన్నో కంపెనీలు చూశారు, మేం ఒక్కదాన్నే చూశాం. అభ్యర్థి ఇదివరకు పనిచేసిన చోటికి మీరే వెళ్లి వాకబు చెయ్యండి. అక్కడి డైరెక్టర్లను కాదు, తూకం వేసే కుర్రాణ్ణి అడగండి.

ఇంటర్వ్యూ విశాఖ హోటల్లో వద్దు. డిసెంబరులో, కాఫీ పండ్ల తొక్క తీసే పల్పింగ్ యూనిట్ దగ్గర పెట్టండి. ఎర్రపండు ఏ రోజుది ఆ రోజే పల్ప్ కావాలి, లేకుంటే పులుస్తుంది. చీకటిపడే వేళకు కరెంటు పోతుంది. తొట్టిలో తేలిన పండ్లు తీసేసి తూస్తే, ఓ ముసలమ్మ కువి భాషలో ‘నా బుట్టకెందుకు తగ్గించావ్’ అని నిలదీస్తుంది. ఆమెకు ఏం జవాబు చెబుతాడో చూసి మార్కులు వెయ్యండి. పవర్‌పాయింట్ సంగతి కరెంటొచ్చాక చూద్దాం.

మీ మనిషిని మాత్రం మా మీద రుద్దకండి. బోర్డులో ఐదోవంతు మించకుండా నిపుణ డైరెక్టర్లను చేర్చుకోవచ్చు. ఆ కుర్చీలో కూర్చుని సలహా ఇవ్వండి, నియామకం బోర్డుదే. మొదటి పంటకాలమంతా పరీక్షే. అప్పటిదాకా ప్రతి చెక్కు మీదా బోర్డు అధ్యక్షురాలి సంతకం కూడా ఉండాలి.

మూడేళ్లయ్యాక పథకం ఇచ్చే జీతం ఆగిపోతుంది. ఈలోగా సీఈఓ పక్కన డిగ్రీ చదివిన మా ఊరి అమ్మాయి ఒకరిని కూర్చోబెట్టి పని నేర్పాలి. ఆ ఖర్చు అప్పు షరతుల్లోనే రాయండి. రేపు ఆమే సీఈఓ కావచ్చు. సభ్యురాలి కూతురు సభ్యురాలు కాదు కదా, చట్టం అడ్డు చెప్పదు.