కొల్లేటి పిల్లలకు కొల్లేటి రుతువులే పాఠం కావాలి

ఆంధ్రప్రదేశ్ మహిళాభివృద్ధి, శిశు సంక్షేమ శాఖ సంచాలకులు గారికి,

మూడు నుంచి ఆరేళ్ల పిల్లల కోసం కేంద్రం 2024లో తెచ్చిన ‘ఆధారశిల’ పాఠ్యప్రణాళిక 48 వారాలకు ఆటపాటలను అమర్చింది. అంతకుముందే, 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, ఈ వయసులో ఆటే చదువనీ, ఆట వస్తువులూ కథలూ పిల్లల చుట్టుపక్కల నుంచే రావాలనీ చెప్పింది. దారి మంచిదే. నేను కోరేది ఒక్కటే: ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల్లోని అంగన్‌వాడీలకు ఏ వారం ఏ ఆటో ఆ ఊరి నీటినీ పైరునూ చూసి నిర్ణయించుకునే వీలు ఇవ్వండి.

ఈ సీమలో రుతువు ఊరిని బట్టి మారుతుంది. బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చే నీటితో వానాకాలంలో కొల్లేరు పొంగుతుంది. వేసవికి అంచులు బయటపడతాయి. డెల్టా ఊళ్లకు సార్వా, దాళ్వా, కాలవలు కట్టేసే రోజులు, ఇవే మూడు కాలాలు. తాడేపల్లిగూడెం దాటి వెంకట్రామన్నగూడెం వైపు వెళ్తే మెట్ట మొదలవుతుంది, అక్కడ తోటల లెక్క వేరు. చలికాలంలో కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయి. ఆ నెలల్లో లంక పిల్లలకు ‘పక్షులు’ పాఠం చెబితే ముక్కు కింద సంచి ఎందుకుందో వాళ్లే అడుగుతారు. అదే పాఠం ఆగస్టులో పడితే ఆ గూళ్లను గోడమీది బొమ్మలో తప్ప చూపించలేం. మూడేళ్ల బిడ్డకు కంటికి కనబడనిది, చేతికి అందనిది ఎంత చెప్పినా నిలవదు.

రుతువు ఉచితంగా ఇచ్చే బోధనోపకరణాలు తక్కువేమీ కాదు. వేసవిలో ముంజలు తినేశాక మిగిలిన రెండు తాటికాయల్ని పుల్లతో కలిపి, పంగల కర్రతో తోస్తే బండి. ఒక కాయ పెద్దదీ ఒకటి చిన్నదీ అయితే బండి పక్కకు తిరిగిపోతుంది. పిల్లవాడు ఆగి చూస్తాడు, కాయ మారుస్తాడు, మళ్లీ తోస్తాడు. పోల్చడం, కారణం వెతకడం, తప్పు సరిదిద్దుకోవడం అన్నీ ఆ నాలుగడుగుల్లోనే జరిగిపోతాయి. చింతపండు కొట్టే రోజుల్లో వామనగుంటలు పెడితే గుంటకొక పిక్క వేస్తూ అంకె గుర్తు రాకముందే లెక్క వస్తుంది. పిక్కలు ముక్కులో, నోట్లో పెట్టుకునే వయసు వాళ్లకు మాత్రం నోట్లో పట్టనంత పెద్ద గవ్వలో గులకరాళ్లో ఇవ్వాలి. వానల్లో పెరట్లో ఒక సీసా పెట్టి, రోజూ నీరు ఎక్కడిదాకా వచ్చిందో గీత గీయిస్తే అదే మొదటి కొలత.

తల్లిదండ్రులు దీనికి ఒప్పుకోరన్నది మొదటి అభ్యంతరం. పక్క వీధి కాన్వెంటులో మూడేళ్లకే అక్షరాలు దిద్దిస్తుంటే, అంగన్‌వాడీలో ఆటలేమిటని అడుగుతారు. వాళ్లను తప్పుపట్టలేం, బిడ్డ వెనకబడతాడేమోనన్న భయం అది. కానీ బంకమట్టి పిసికి, గింజలు ఏరి గట్టిపడిన వేళ్లకే బలపం లొంగుతుంది. ఈ సంగతి తల్లులకు చెప్పడం కంటే నెలకోసారి పిలిచి, పిల్లలు చేసినవి చూపించడమే మేలు. ఊరికో తీరైతే పర్యవేక్షణ ఎలా అన్నది రెండో మాట. పది వరకు లెక్కించడం, కథ తిరిగి చెప్పడం వంటివి అన్ని కేంద్రాలకూ ఒకటే ఉండాలి. అక్కడికి గూడబాతులతో చేరారా, జీడిమామిడి గింజలతో చేరారా అన్నది సూపర్‌వైజరు పట్టించుకోనక్కర్లేదు.

మూడోది నీటి భయం. ఇది నిజమైన భయం. నీట మునిగి చనిపోయే ముప్పు ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లలకే ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బడి ఈడు రాని పిల్లలను నీటికి దూరంగా, ఒకరి కనుసన్నల్లో ఉంచే చోటు కల్పించమని ఆ సంస్థే సూచించింది. చేపల చెరువుల గట్ల మధ్య ఉన్న లంక గ్రామంలో అలాంటి చోటు అంగన్‌వాడీయే. కాబట్టి రుతువుల ఆట అంటే చెరువు గట్టుకు తీసుకెళ్లడం కాదు. ఎక్కడిదాకా వెళ్లొచ్చో, ఎక్కడ ఆగాలో ఆవరణలోనే గీత గీసి ఆడించాలి. 2024 సెప్టెంబరు బుడమేరు వరద చూసిన ఊళ్లకు ఈ ఆట ఎందుకో వివరించనక్కర్లేదు.

ఇక కార్యకర్తల భారం. పౌష్టికాహారం, తూకాలు, పోషణ్ ట్రాకర్ నమోదులతోనే వాళ్ల పొద్దు గడిచిపోతోంది. అందుకే ఇంకో రిజిస్టరు పెట్టవద్దు. నెలవారీ సెక్టారు సమావేశంలో ఒక గంట కేటాయిస్తే చాలు. వచ్చే నెలలో ఊళ్లో నాట్లా, కోతలా, కాలవలు కట్టేస్తారా అని మాట్లాడుకుని, ఆధారశిలలోని ఆటలను ముందుకో వెనక్కో జరుపుకుంటారు. ఆ మార్పును తప్పుగా రాయవద్దని సూపర్‌వైజర్లకు ఒక ఉత్తర్వు కావాలి. సార్వా నారుమళ్లు పోయకముందే ఆ ఉత్తర్వు ఇవ్వండి, ముందుగా లంక గ్రామాల్లో అమలు చేయండి.