ఉత్తరంలో చివరి వాక్యం

చిత్తూరు నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం వ్రాశారు. రెండో తరగతి చదివే కొడుక్కి అక్షరాలు పట్టుబడడం లేదట. వాణ్ణి మండలంలోని భవిత కేంద్రానికి పంపమని టీచరు చెప్పారట. "మా వాడు మొద్దని ఊరంతా అనుకోరూ?" అని ఆవిడ దిగులు. చివర ఒక్క వాక్యం: "పెద్దమ్మాయి అయిదో తరగతి. దానితో ఏ బెడదా లేదు. రెండు మూడుసార్లు పిలిస్తే గాని పలకదు, అంతే."

అమ్మా, ముందు అబ్బాయి సంగతి. వాడు పుట్టింది మే నెలాఖరున అన్నారు. జూన్‌లో మన బడులు తెరుస్తారు గనుక తరగతిలో అందరికంటె చిన్నవాడు వాడే అయి ఉంటాడు. ఇంగ్లండులో బడి సంవత్సరం సెప్టెంబరులో మొదలవుతుంది. చదువులో ప్రత్యేక సహాయం కావాలని అక్కడ గుర్తించిన పిల్లల్లో, సెప్టెంబరులో పుట్టినవారికంటె ఆగస్టులో పుట్టినవారే ఎక్కువని లెక్కల్లో తేలింది. ఏడేళ్ళవాడికి పదకొండు నెలల తేడా తక్కువా? మనమైతే ఒక ఏడు కలిసివస్తుందని వయసు పెంచి మరీ చేర్పిస్తాం! అయినా భవితకు పంపడం మానకండి. అక్కడ విడిగా కూర్చోబెట్టి నేర్పే టీచరు ఉంటారు. పక్కింటివారి మాటలంటారా, ఇది కాకపోతే వారికి మరొకటి దొరుకుతుంది.

నన్ను ఆపింది ఆ చివరి వాక్యం.

2011 జనాభా లెక్కల్లో మన దేశంలో వైకల్యం ఉన్నవారు సుమారు 2 కోట్ల 68 లక్షలని తేలింది. అందులో మగవారు కోటి 50 లక్షలు, ఆడవారు కోటి 18 లక్షలు. వీరిలో 5 నుంచి 19 ఏళ్ళవారిని చూస్తే, బడికి వెళ్ళే మగపిల్లలు నూటికి 62 మంది, ఆడపిల్లలు 60 మంది. అంటే లెక్కలోకి వచ్చాక తేడా స్వల్పమే. అసలు లెక్కకు రావడంలోనే ఉంది చిక్కు. కొంత ప్రకృతి చేసిందే కావచ్చు. ఆటిజం, మాట ఆలస్యం కావడం మగపిల్లల్లోనే ఎక్కువగా కనిపిస్తాయి. మిగతాది మన చేతిది. అల్లరి చేసే పిల్లవాడు వెంటనే టీచరు కంట పడతాడు. వినపడని ఆడపిల్ల వెనక బెంచీలో కూర్చుని, పక్కపిల్ల నోటుబుక్కు చూసి వ్రాసుకుంటుంది. "ఎంత నెమ్మదో!" అని మనం మెచ్చుకుంటాం. తీరా తెలిసినా, రేపు పెళ్ళి సంబంధాలకు అడ్డమని నోరెత్తం. ఇటువంటి ఆడపిల్లలకు సమగ్ర శిక్షా పథకంలో నెలకు 200 రూపాయల చొప్పున పది నెలలు స్టయిపెండు పెట్టారు. అది ఊరికే పెట్టింది కాదు.

మీది మేనరికమని కూడా వ్రాశారు. మన సీమలో అది మామూలే గాని, అటువంటి ఇళ్ళలో పుట్టు చెవుడు కొంత ఎక్కువని వైద్యులు చెబుతారు. భయపెట్టడానికి అనడం లేదు. పాప వెనక నిలబడి, మీ ముఖం కనపడకుండా, మెల్లగా పేరు పెట్టి పిలిచి చూడండి. పలకకపోతే చెవి డాక్టరుకు చూపించండి. చెవిలో గుబిలే అయితే అరగంటలో తీరిపోతుంది. నిజంగా వినికిడి లోపమే అయితే చెవి మిషను ఉంది, సదరం సర్టిఫికెట్టు ఉంది. తిరుపతిలో దేవస్థానం వారి బధిర పాఠశాల ఉంది. నూటికి 40 పాళ్ళు, అంతకు మించి వైకల్యం ఉందని తేలిన పిల్లలు, 6 నుంచి 18 ఏళ్ళ వరకు, దగ్గరి బడిలోనైనా ప్రత్యేక బడిలోనైనా తమకు నచ్చినచోట ఉచితంగా చదువుకోవచ్చునని 2016 చట్టం చెబుతోంది.

ఈసారి ఉత్తరంలో పాప సంగతి మొదటి పేజీలోనే వ్రాయండి.