పాత సోఫాకు వకాల్తా

మన కాలేజీ స్టోర్ రూంలో, విరిగిన బెంచీల వెనకాల ఒక పాత సోఫా పడి ఉంది. ఒకప్పుడు ప్రిన్సిపాల్ గారి గదిలో అతిథులు కూర్చున్న సోఫా అది. వీపు చెక్క నిండా తీగెలూ పువ్వులూ, కింద పులిపంజా కాళ్లు. చిరిగిన రెక్సిన్‌లోంచి స్ప్రింగులు తొంగి చూస్తున్నాయి. దాన్ని వేలం వేయించి, ఆ డబ్బుతో ప్లాస్టిక్ కుర్చీలు కొనిపించాలని మన యూనియన్ తీర్మానించింది. సంతకం చేసినవారిలో నేనూ ఒకణ్ణి. ఆ సంతకం వెనక్కి తీసుకోవడానికే ఈ నాలుగు మాటలు.

నా మనసు మార్చినవాడు ధర కట్టడానికి వచ్చిన ఒక ముసలి వడ్రంగి. ఆయన చెక్కడం వంక చూడనైనా లేదు. "పైన చూస్తే ఏం తెలుస్తుంది బాబూ, బోర్లా తిప్పండి" అన్నాడు. తిప్పాం.

పులిపంజా కాళ్లు 18వ శతాబ్దపు ఇంగ్లీషు ఫ్యాషన్. తర్వాత అందరూ దాన్ని కాపీ కొడుతూనే వచ్చారు. కనుక కాలు చూసి వయసు చెప్పలేం. అసలు సాక్ష్యం అడుగున ఉంటుంది. చెక్కడం వెనక ఉలిగాట్లు ఎగుడుదిగుడుగా ఉంటే చేతిపని. కుడి పువ్వూ ఎడమ పువ్వూ అచ్చు గుద్దినట్టుంటే యంత్రాన్ని అనుమానించాలి. మా సోఫా అతుకుల్లో మేకు లేదు. ఒక చెక్క నాలుక ఇంకో చెక్క తొర్రలో దూరి కూర్చుంది. రెక్సిన్ కింద గోనెపట్టా, కొబ్బరి పీచు, తాళ్లతో కట్టిన స్ప్రింగులు. ఫోమ్ కనిపిస్తే మెత్తటి భాగం 20వ శతాబ్దంలోనో ఆ తర్వాతో మార్చి ఉండవచ్చు గాని, సోఫా కొత్తదని కాదు. ఎవరో పులిమిన ఎనామిల్ రంగును ఒక మూల గోకితే నల్లచారల జిట్రేగి, అదే రోజ్‌వుడ్, బయటపడింది.

బాగుచేయడం పేరుతో పాడుచేయడమూ సులభమే. గరుకు కాగితంతో రుద్దితే పువ్వుల అంచులు అరిగిపోతాయి. పాత అతుకుల్లోని సరేసు వేడికీ తడికీ మెత్తబడుతుంది. విప్పి మళ్లీ బిగించుకోవచ్చు. అక్కడ మేకులు కొడితే చెక్క చీలుతుంది. పాత మెరుగు లక్కదైతే, కనపడని చోట స్పిరిట్ గుడ్డతో అద్దగానే జిగురుగా కరుగుతుంది. అలాంటిదాన్ని మళ్లీ లక్కతోనే సరిచేయాలి, వార్నిష్ కుమ్మరించకూడదు.

"హాస్టల్లో ఫ్యాన్లకే దిక్కులేదు, సోఫాకు రాజభోగమా?" అని మిత్రులు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. కాని లెక్క చూడండి. చట్రం గట్టిగా ఉంది; కావలసింది పట్టీలు, పీచు, గుడ్డ, కొద్ది రోజుల కూలి. జిట్రేగి ఇవాళ అరుదైపోయిన చెట్టు. 2017 నుంచి దాని జాతి మొత్తం అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ కిందికి వచ్చింది. వేలంలో కట్టెల ధరకు కొన్నవాడు జిట్రేగి ధరకు అమ్ముకుంటాడు. ఫ్యాన్లూ రావు, సోఫా పోతుంది.

ఇంకో మాట. 18వ శతాబ్దంలో విశాఖపట్నం పనివాళ్లు దంతపు తాపడం చేసిన సామాను నేడు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. అక్కడ అద్దాల వెనక చూసి మురిసే మనం, ఇక్కడ అదే ఉలి వారసుణ్ణి తూకం వేయడానికి మాత్రమే పిలుస్తాం! మన సోఫా చేతుల మీద బ్లేడుతో గీకిన విద్యార్థుల పేర్లు చాలా ఉన్నాయి. చెక్కినవాడి పేరు మాత్రం ఎక్కడా లేదు.

కొత్త కమిటీకి నా మనవి ఇంతే. వేలం ఆపించండి. స్టోర్ రూంలోని పాత సామాను బోర్లా తిప్పి చూసి జాబితా రాయండి. వేసవి సెలవుల్లో ఆ ముసలాయన్ని కూలి ఇచ్చి పిలిపించండి. పక్కన నలుగురు విద్యార్థులం కూర్చుని పని నేర్చుకుంటాం. బాగైన సోఫాను లైబ్రరీలో వేయించండి. ఈసారి బ్లేడు తీసుకురామని మా తరఫున హామీ ఇస్తున్నాను.