మనశ్శాంతి అను ఉచితోపదేశము

ఉద్యోగవిరమణ చేసిన మనుష్యునికి మన సమాజమున పూలదండకు, శాలువకు కొరత లేదు. ఉపదేశమునకు అసలే కొరత లేదు. దండ వాడకముందే అది ప్రారంభమగును. “ఇక విశ్రాంతి తీసికొనుడు, దైవధ్యానము చేయుడు, దేనికిని చింతింపకుడు” అని పెద్దలును పిన్నలును చెప్పుదురు. అంతవరకు బాగుగనే యున్నది. కాని రెండు మూడేండ్లు గడచునప్పటికి భార్య పక్షవాతముతో మంచము పట్టును. లేదా కుమారుని ఉద్యోగము పోయి అతడు బిడ్డలతో ఇల్లు చేరును. లేదా జీవితమంతయు కూడబెట్టిన ధనము ఏ మోసగాని పాలో అగును. ఆ వృద్ధుడు నోరు తెరచి తన కష్టము చెప్పుకొనబోగా అప్పుడును లభించునది ఆ ఉపదేశమే: “మనస్సును అదుపులో నుంచుకొనుడు. సుఖదుఃఖములు మన చేతిలోనివే కదా.”

ఈ మాట అబద్ధమని నా వాదము కాదు. ఇది చెప్పువారికి మిక్కిలి చౌక, వినువారికి మిక్కిలి ఖరీదు అని నా వాదము. చెప్పువాడు ఒక్క వాక్యముతో తన బాధ్యతను దించుకొనును. వినువాడు తన దుఃఖముతోపాటు, దుఃఖపడుట తన దోషమేయను సిగ్గును కూడ మోయవలసి వచ్చును.

దీనికి గీత ఆధారమని కొందరందురు. సమత్వము గీతలో బోధింపబడిన మాట నిజమే. ఎవనికి? కార్యము విడిచి కూలబడినవానికి. ఎందుకు? లేచి కార్యము చేయుటకు. కర్తవ్యము ఎదుట నిలిచియున్నవానికి చెప్పిన మాటను, ఏ కర్తవ్యమును మిగుల్చక మనము మూల కూర్చుండబెట్టిన వానికి వర్తింపజేయుట, ఒక రోగికి వ్రాసిన మందును మరియొక రోగికి పోయుట వంటిది.

వానప్రస్థమును గూర్చియు ఇట్లే మాటలాడుచున్నారు. భారతమున ఆశ్రమవాసపర్వము చదివినవారు ధృతరాష్ట్రుడు అడవికి ఏల పోయెనో ఎరుగుదురు. ధర్మరాజు అతనిని పదునైదేండ్లు రాజోచితముగా పోషించెను. భోజనమునకు, సేవకు, మర్యాదకు లోపము చేయలేదు. కాని భీముని సూటిపోటి మాటలు ఆ ముదుసలి చెవిని పడెను. నూర్గురు కొడుకులను పోగొట్టుకొన్న గుండెకు అవి చాలెను. అతడు వనమునకు వెడలుటలో వైరాగ్యముతోపాటు అవమానమును కలదు. కవి దాచని ఈ సంగతిని ఉపదేశకులు దాచుచున్నారు. అన్నము పెట్టినంతమాత్రమున ఆదరించినట్లు కాదని చెప్పుటకు ఇంతకన్న పెద్ద సాక్ష్యము వెదకనక్కరలేదు.

అయినను అన్నమునుండియే మొదలుపెట్టవలెను. ధనభద్రత లేని చోట మనశ్శాంతి నిలువదు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను యజమాని దయతలచి ఇచ్చు దానము కాదనియు, చేసిన సేవవలన సంపాదింపబడిన హక్కనియు తీర్పు చెప్పెను. పింఛనుదారులు ఆ దినమును తమ దినముగా జరుపుకొనుచున్నారు. కాని ఆ హక్కు దక్కినవారు ఎందరు? ఈ దేశమున శ్రమించువారిలో అత్యధికులు పొలములలో, చిన్న అంగళ్లలో, కట్టడపు పనులలో పాటుపడువారు. వారికి విరమణ తేదీయే లేదు. చేతులు ఆడనినాడే విరమణ. 1995లో ఏర్పడిన ఉద్యోగుల పింఛను పథకములో కనీస పింఛనును 2014లో నెలకు 1000 రూపాయలుగా నిర్ణయించిరి. పేదలైన వృద్ధులకు ఇందిరాగాంధీ జాతీయ పథకము క్రింద కేంద్రము తన వంతుగా నిర్ణయించినది 79 ఏండ్లవరకు నెలకు 200 రూపాయలు, 80 నిండినవారికి 500. రాష్ట్రములు తమ వంతు కలుపుచున్నవి, కొన్ని ధారాళముగా, కొన్ని చేయి ముడుచుకొని. చేతిలో 200 రూపాయలుంచి చింత మానుమనుట వేదాంతము కాదు, పరిహాసము.

రెండవది, దుఃఖము చెప్పుకొను చోటు. మోకాలి నొప్పిని డాక్టరుకు సంకోచము లేక చెప్పుకొను వృద్ధుడు, రాత్రులు నిద్రపట్టుట లేదనియు, ఆకలి చచ్చినదనియు, బ్రతుకుపై రుచి పోయినదనియు చెప్పుకొనుటకు జంకును. చెప్పినను “వయస్సు వచ్చినది కదా” యని ఇంటివారు కొట్టివేయుదురు. కాని వయస్సు రోగము కాదు. దిగులు ముదిరి నెలల తరబడి వీడనిచో అది రోగమే, దానికి చికిత్సయు కలదు. మానసిక వైద్యము పొందుట ప్రతి పౌరుని హక్కని 2017 నాటి చట్టము చెప్పుచున్నది. 2022లో 14416 అను టెలిఫోను నంబరుపై ప్రభుత్వమే ఉచిత సలహా ఏర్పాటు చేసెను. ఉపదేశించు బంధువులలో ఎందరు ఈ నంబరును ఒక కాగితముపై వ్రాసి ఆ పెద్దవాని చేతికిచ్చిరి?

మూడవది, పని. ఇచట మోక్షగుండం విశ్వేశ్వరయ్యను చూపి “ఆయనవలె ఉండరాదా?” యని దెప్పుదురు. ఆ కథను పూర్తిగా చెప్పుకొందము. ఆయన 1908 ప్రాంతమున బొంబాయి ప్రభుత్వపు కొలువు విడిచెను. ఆ యేడు సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచివేయగా నిజాము ప్రభుత్వము ఆయనను పిలిచెను. తరువాత మైసూరు పిలిచెను. 1912 నుండి 1918 వరకు ఆయన అచట దివానుగా నుండెను. ఆయన దీక్షను మెచ్చుకొనువారు ఆ పిలుపును ఏల మరచుచున్నారు? ఊరి బడికి లెక్కలు చెప్పగల ముసలి గుమాస్తాను, చెరువు తూము మరమ్మతు తెలిసిన ముసలి మేస్త్రీని ఎవరు పిలుచుచున్నారు? పిలువక, ఉత్సాహము లేదని నిందించుట న్యాయము కాదు.

అట్లయిన మనస్సును సాధన చేయుట వ్యర్థమా యని అడుగవచ్చును. కాదు. ఉదయపు నడక, గ్రంథపఠనము, ప్రార్థన, పాత మిత్రుని అరుగుపై గడపు సాయంకాలము, ఇవి యెన్నో బ్రతుకులను నిలబెట్టినవి. కాని అవి చెరువు గట్టు వంటివి. నీరే రాని చెరువునకు గట్టు ఎంత ఎత్తుగ వేసినను పంట పండదు.

విరమించినవారికిని ఒక మాట. ఓర్పు పేరిట మీ హక్కులను వదలుకొనకుడు. ప్రేమవలన తొందరపడి ఇల్లు వ్రాసియిచ్చుటకు ముందు పోషణ షరతును పత్రములో వ్రాయించుడు. ఆ షరతు తప్పినచో ట్రైబ్యునలు ద్వారా ఆ దానమును రద్దు చేయించుకొను మార్గమును 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము చూపినది. ఇది బిడ్డలపై అపనమ్మకము కాదు, ఉభయులకును రక్షణ.

తక్కినవారికి నా కోరిక చిన్నది. ఇకమీదట ఒక వృద్ధుడు తన కష్టము చెప్పుకొన్నప్పుడు, ఉపదేశమునకు ముందు మూడు ప్రశ్నలడుగుడు: ఇంటి ఖర్చు ఎట్లు గడచుచున్నది? రాత్రి నిద్ర పట్టుచున్నదా? రేపు ఉదయము మీ కొరకు ఎదురుచూచువారు ఎవరైన కలరా? వీనికి సమాధానము విని, చేయదగినది చేసిన పిమ్మట మనశ్శాంతిని గూర్చి ఎంతసేపైనను మాటలాడుడు. అప్పుడు బహుశః ఆ మాటల అవసరమే యుండదు.