స్థూలదేహమును డి విటమిను లోపమును

లావైనవాడు బాగుగ తిన్నవాడనియు, బాగుగ తిన్నవానికి పోషకములు కొదువ యుండవనియు మనలో ననేకుల యభిప్రాయము. ఇది సరికాదని మా నిశ్చయము. బరువు తగ్గుటకై ఆపరేషను చేయించుకొన నిశ్చయించి, దానికై నెలల తరబడి వేచియుండువారిలో డి విటమిను లోపము మిక్కిలి సామాన్యము.

ఈ విటమినులో నధికభాగము ఆహారమువలన రాదు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములు సోకినప్పుడు చర్మమునందే పుట్టును. పిమ్మట కాలేయమునందును మూత్రపిండములయందును మార్పుజెంది, భోజనములోని కాల్షియము ప్రేవులనుండి నెత్తురులో చేరుటకు తోడ్పడును. 1919లో బెర్లినునందు హుల్ద్‌షిన్‌స్కీ యను వైద్యుడు, రికెట్సు వ్యాధిచే ఎముకలు మెత్తబడిన బిడ్డలకు అట్టి కిరణములనిచ్చు దీపపు వెలుగు సోకించి నయము చేసెను.

అట్లయిన స్థూలకాయులకు ఎండ చాలదా యని కొంద రడుగవచ్చును. 2000 సంవత్సరమున అమెరికాలో ప్రకటింపబడిన యొక పరిశోధనయందు లావైనవారికిని కానివారికిని ఒకే రీతిగ కిరణములు సోకించి చూచిరి. విటమిను తయారగుటకు వలసిన పదార్థము చర్మములో నిరువురకు నించుమించు సమానముగనే యుండెను. అయినను లావైనవారి నెత్తురులో విటమిను పెరుగుదల నూటికి 57 వంతులు తక్కువ. ఏలయనగా నీ విటమిను కొవ్వులో కరగునది. కొవ్వు హెచ్చైన దేహములో నది చెఱువులో పోసిన చెంబెడు పాలవలె పలుచనైపోవును. దీనికితోడు మోకాళ్ల నొప్పిచేతనో, వీథిలో నవ్వువారికి వెఱచియో వారిలో పలువురు పగటివేళ బయటికి రారు. విద్యార్థులారా, ఆ నవ్వువారిలో మన పాఠశాలవారు లేరని మేము చెప్పజాలము.

మన దేశమున ఎండకు కరవేమి యనువారును గలరు. 2007లో తిరుపతి ప్రాంతపు ఆరోగ్యవంతులను పరీక్షించి ప్రకటించిన పరిశోధనలో, పట్టణమువారికే గాక పల్లెలవారిలో సైతము అనేకులకు ఈ లోపము కనబడెను. ఆరోగ్యవంతుల స్థితియే యిట్లుండగా స్థూలకాయుల మాట చెప్పనేల?

ఆపరేషనుకు ముందే దీనిని సరిచూడవలెనని మేము పట్టుపట్టుటకు కారణము గలదు. జీర్ణకోశమును చిన్న సంచిగ జేసి, చిన్నప్రేవుల మొదటిభాగమును ఆహారము దాటిపోవునట్లు కలిపెడు విధానమున, కాల్షియమును చక్కగ గ్రహించు చోటే తప్పిపోవును. నెత్తురులో కాల్షియము తగ్గెనా, కంఠమునందలి పారాథైరాయిడు గ్రంథులు ఎముకలనుండి దానిని లాగుకొని వచ్చును. ముందే లోపముతో నున్నవాడు అప్పుతో కరవులో నడుగిడినవాని వంటివాడు.

అమెరికాలో నీ శస్త్రచికిత్స చేయు వైద్యుల సంఘము 2016లో సవరించిన సూచనలలో, ఆపరేషనుకు ముందు ప్రతి రోగికిని ఈ పరీక్ష జరుగవలెనని చెప్పబడినది. అందులో నీ ఆపరేషనైన పిమ్మట దినమునకు 3000 యూనిట్లు, నెత్తురులో మిల్లీలీటరునకు 30 నానోగ్రాములు దాటువరకు, ఇయ్యవలెననియు గలదు. 20కి తక్కువైనచో లోపమని వైద్యులు సాధారణముగ నెంచుదురు.

అయితే ఒక మాట. ఈ మందు కొవ్వును కరగించునని యంగళ్లలో చెప్పువారిని నమ్మరాదు. స్థూలత్వమే విటమినును తగ్గించుచున్నది గాని, విటమిను కొఱతచే స్థూలత్వము వచ్చుట కంతగా నిదర్శనము లేదు. వైద్యు నడుగక సూదిమందులు వరుసగ వేయించుకొన్నచో నెత్తురులో కాల్షియము మితిమీరి మూత్రపిండములకు హాని కలుగును.

తలిదండ్రులలో నెవరికైనను, వారి బంధువులకైనను ఇట్టి ఆపరేషను నిర్ణయమైయున్నచో, మొదటి దర్శనమునాడే ఈ పరీక్షను గూర్చి వైద్యు నడుగుడు. అందుకు వలసినది కొద్దిపాటి నెత్తురు మాత్రమే. లోపము తేలినపిదప దానిని తీర్చుటకు రెండు మూడు నెలలైనను పట్టును గనుక, ఆపరేషను రేపనగా నడిగిన లాభము తక్కువ.