చల్లని కారు

ఒక ఆంగ్ల విశేషణం ఈమధ్య మూడు రోజులపాటు నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. అనువాదం వృత్తిగా పెట్టుకున్నవారికి ఇటువంటి బాధ కొత్త కాదు. అయితే ఇది ఏ మహాకవి ప్రయోగమో, తత్త్వశాస్త్ర పరిభాషో అయివుంటే కొంత గౌరవంగా ఉండేది. మోటారు కార్ల గురించి వ్రాసిన ఒక తేలికపాటి వ్యాసంలోని ‘కూల్’ అనే చిన్నమాట అది.

ఆ వ్యాసం కార్ల వీరాభిమానులకున్న ఒక వింత వ్యసనాన్ని వర్ణిస్తుంది. వారిలో ఒకరు ఏదో ఒక కారు పేరు ప్రతిపాదిస్తారు. మిగిలినవారు దాని వేగాన్నిగాని, ధరనుగాని, పెట్రోలు ఖర్చునుగాని లెక్కచేయక, అది ‘కూల్’ అవునా, కాదా అన్న ఒకే అంశంపై ఓటు వేస్తారు. ఈ ఆటకు విశేషమైన ప్రచారం కల్పించింది బి.బి.సి. వారి ‘టాప్ గేర్’ కార్యక్రమం. 2002లో అది కొత్తరూపం ధరించిన తరువాత, జెరెమీ క్లార్క్‌సన్, రిచర్డ్ హామండ్ అనే ఇద్దరు వ్యాఖ్యాతలు ప్రేక్షకుల నడుమ నిలబడి, వాదులాడుకుంటూ, కార్ల ఫోటోలను ఒక పెద్ద గోడమీద నాలుగు తరగతులుగా అంటించేవారు. హామండ్ పొట్టివాడు. తన తీర్పును అతడు మార్చకుండా క్లార్క్‌సన్ ఫోటోను అతనికి అందనంత ఎత్తున అంటించేవాడు! వ్యాఖ్యాతలలో ఎవరికైనా సొంతమైన కారు ‘కూల్’ కాజాలదన్నది వారు పెట్టుకున్న నియమాలలో ఒకటి. నవ్వుకోసం పెట్టిన నియమమే అయినా, దీనిని నేను రెండుమూడు సార్లు చదివాను.

ఇక నా చిక్కు. తెలుగులో చల్లదనానికి కొదువ లేదు. ‘నీ కడుపు చల్లగా’ అని దీవిస్తాం. అడిగిన పని ఎగవేసి ‘చల్లగా జారుకునే’ వారినీ ఎరుగుదుం. కాని ‘చల్లని కారు’ అంటే పాఠకుడు ఎయిర్ కండిషనర్ అనుకుంటాడు. ‘దర్జా’ అందామా, అందులో ఎదుటివాడు చూడాలన్న కోరిక ఉంది. ‘ఠీవి’లో కొంచెం మీసం మెలివేయడం ఉంది. ‘షోకు’ మరీ చవక. ఎవరు చూసినా, చూడకపోయినా తనకు పట్టనట్టుండే అందానికి మన భాషలో ఒక్క మాట దొరకలేదు. చివరకు ‘నిర్లక్ష్యపు సొగసు’ అని వ్రాశాను. సంపాదకులు దానిని కొట్టివేసి ‘కూల్’ అనే అచ్చువేశారు. వారిదే ఒప్పు కావచ్చు.

ఈ ఓట్లన్నీ చిలిపివే అనుకోవద్దు. ఇరవయ్యవ శతాబ్దపు ఉత్తమ కారును ఎన్నుకోవడానికి 1996లో మొదలైన ప్రయత్నం మూడేళ్ళకు పైగా నడిచింది. మొదట 700 కార్ల జాబితా. దానిని 200కు, ఆపైన 100కు కుదించారు. 33 దేశాలకు చెందిన 132 మంది మోటారు పత్రికా రచయితలు న్యాయనిర్ణేతలు. వారు 25 కార్లను ఎంచగా, ప్రజలు ఇంటర్నెట్ ద్వారా 10 కార్లను ఎంచుకున్నారు. తమాషా ఏమంటే, ప్రజలు మెచ్చిన పదింటిలో తొమ్మిది అప్పటికే నిపుణుల జాబితాలో ఉన్నాయి. 1999 డిసెంబరులో అమెరికాలోని లాస్ వేగాస్‌లో ఫలితం ప్రకటించారు. ఫోర్డ్ మోడల్-టి ప్రథమస్థానం పొందింది. తరువాతి స్థానాలు వరుసగా మినీ, సిట్రొయెన్ డి.ఎస్., ఫోక్స్‌వ్యాగన్ బీటిల్, పోర్షె 911లవి. 1908 నుండి 1927 వరకు కోటీ యాభై లక్షలకు పైగా తయారై, 850 డాలర్ల నుండి 260 డాలర్లకు దిగివచ్చి, సామాన్యుని ఇంటిముందు నిలిచిన బండి అది. ఆ గౌరవం దానికి తగినదే అంటాను.

అయితే పులిట్జర్ బహుమతి పొందిన మోటారు విమర్శకుడు డాన్ నీల్ 2007లో ‘టైమ్’ పత్రికకు యాభై అధ్వాన్నపు కార్ల జాబితా కూర్చినప్పుడు, అందులోనూ మోడల్-టికి చోటు దక్కింది. లోకమంతటినీ కారెక్కించి కాలుష్యానికి తెరతీసిందని ఆయన ఫిర్యాదు. అందరికీ అందుబాటులోకి తెచ్చిన గుణమే ఒకరికి కిరీటం, మరొకరికి నేరం!

మన అంబాసిడర్‌కు కూడా ఇటువంటి కిరీటం ఒకటి దక్కింది. 2013 జులైలో టాప్ గేర్ వారు వివిధ దేశాల టాక్సీలకు పోటీపెట్టి, ప్రపంచంలోకెల్ల ఉత్తమమైన టాక్సీ ఇదేనని తేల్చారు. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి నమూనాతో, కలకత్తా సమీపాన ఉత్తరపారాలో 1950ల చివర నుండి హిందుస్థాన్ మోటార్స్ తయారుచేస్తూ వచ్చిన బండి. ఒకనాడు మంత్రికీ, కలెక్టరుకూ, పెళ్ళికొడుకుకూ అదే వాహనం. పత్రికలు మురిసిపోయి వార్త వేశాయి. 2014 మార్చితో ముగిసిన సంవత్సరంలో ఆ కార్లు దేశం మొత్తంమీద అమ్ముడైనవి 2,200 చిల్లర. ఆ మే నెలలో కర్మాగారం మూతపడింది. 2017లో అంబాసిడర్ అనే పేరును ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో సంస్థ 80 కోట్ల రూపాయలకు కొనుక్కున్నది. పేరుకు అంత విలువ పలికిన బండిని కొనేవారు మాత్రం లేకపోయారు.

మా నాన్నగారు విజయవాడ రైల్వేస్టేషను దగ్గర ఇరవైరెండేళ్ళు అంబాసిడర్ టాక్సీ నడిపారు. నా బి.ఏ., ఎం.ఏ. చదువుల ఫీజులు ఆ బండి సంపాదనే. అందుచేత 2013లో ఆ వార్త కత్తిరించి, తెనిగించి, పండుగ పిండివంట తెచ్చినంత సంబరంగా ఆయన చేతికిచ్చాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు.

“ఈ ఓటేసినవాళ్ళు దాన్ని కొన్నారామ్మా?” అన్నారు.

లేదన్నాను. కాగితం మడిచి కిటికీ చువ్వల మధ్య పెట్టి, మళ్ళీ ఆ ప్రసక్తి తేలేదు. నాకు కొంత కష్టం తోచింది. జీవితమంతా తాను నడిపిన బండికి ప్రపంచం జేజేలు పలుకుతుంటే ఆయనకు పట్టకపోవడమేమిటి అనుకున్నాను.

మొన్న ఈ ‘కూల్’ గొడవలో ఉండగా మా ఇంట్లోనే ఒక ఎన్నిక పెట్టాను. పిల్లలు చీటీలపై తలా ఒక పేరు వ్రాశారు. వారి పేర్లన్నీ నేను ఉచ్చరించలేని ఇటాలియన్ కార్లు. నేను అంబాసిడర్‌కు వేశాను. పితృభక్తి అనుకోండి, మరేమైనా అనుకోండి. నాన్నగారు చీటీని అరచేయి అడ్డుపెట్టుకుని వ్రాసి, నాలుగు మడతలు పెట్టి ఇచ్చారు.

విప్పి చూస్తే ‘ఫియట్’ అని ఉంది. అంటే ప్రీమియర్ పద్మిని. స్టేషను ముందు వరుసలో ఆయన బండికి బద్ధశత్రువు!

“అదేమిటి నాన్నా?” అన్నాను.

“నడిపించుకున్నది ఇది. చూసుకున్నది దాన్ని” అన్నారాయన కొంచెం సిగ్గుపడుతూ. “ఎంత వొద్దికగా తిరిగేదో! మనకి ఏడుగురు ఎక్కే బండి కావాలి గదా, తిరుపతి బేరాలకి.”

ఇంత అని, ఇరవైరెండేళ్ళు క్లచ్ తొక్కిన ఎడమ మోకాలిని రెండు చేతులతో నిమురుకుంటూ, ఓట్లు మళ్ళీ ఒకసారి లెక్కపెట్టమన్నారు.