అది పాపం కాదు, వ్యాధి



మా సంఘంలో ఒక సహోదరి తిండి, నిద్ర మానేసింది. తాను క్షమించరాని పాపం చేసిందనీ, దేవుడు విడిచిపెట్టాడని ఒక స్వరం చెబుతున్నదనీ అనేది. భర్త మొదట బతిమాలాడు, తర్వాత విసుక్కున్నాడు. అత్తగారు దయ్యమన్నది. నేనూ ఉపవాస ప్రార్థనలే పెట్టించాను. అలా మూడు నెలలు పోయాయి. అందుకు ఈనాటికీ బాధపడుతున్నాను.

చివరకు భీమడోలు నుండి ఏలూరు తీసుకెళ్లి మానసిక వైద్యునికి చూపించాం. తీవ్రమైన డిప్రెషన్‌లో కొందరికి ఇలాంటి భ్రమలు కూడా కలుగుతాయన్నారు. డిప్రెషన్ మందుతోపాటు భ్రమలు తగ్గించే మందూ వాడాలి. గుణం కనబడడానికి వారాలు పడుతుంది, మధ్యలో మానకూడదు.

ఆంగ్ల కీర్తనల రచయిత విలియం కౌపర్ కూడా 1773లో దేవుడు తనను త్రోసివేశాడని నమ్మాడు. స్నేహితుడైన కాపరి జాన్ న్యూటన్ అతన్ని ఏడాదికి పైగా తన ఇంటనే ఉంచుకున్నాడు.

ఇంటివారలారా, రోగితో వాదించకండి, ఔనని కూడా అనకండి. "నీ భయం నాకు తెలుస్తోంది, నీతోనే ఉంటాను" అనండి. చావు మాట వస్తే ఒంటరిగా విడువకండి, పురుగుమందు ఇంట్లో ఉంచకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఏలీయా చావు కోరినప్పుడు (1 రాజులు 19) దేవదూత గద్దించలేదు. తట్టి లేపి భోజనం పెట్టాడు. మా సహోదరి ఇప్పుడు ఆదివారం పాటల్లో గొంతు కలుపుతోంది. ప్రార్థన మానకండి, మందూ మానకండి.